బెదురునకు పెద్ద పేర్లు

వానకాలపు సందెవేళ కాసిపేట పరిసరములలో పొలము గట్టున గడ్డి కదిలినచో పెద్దవారు పిల్లలతో "అటు పోకుండ్రి, పురుగుంటది" అని అందురు. పాము అను మాట ఆ వేళ నోట రాదు. కాటు పడినప్పుడు కూడ "పురుగు ముట్టింది" అనుటయే గాని పాము కరచినదని సూటిగా చెప్పుట అరుదు. పేరెత్తినచో పిలిచినట్లగునను శంక ఒకటి. అంతటి ప్రాణిని పురుగుగా కుదించి పలికినచో గుండె కొంత కుదుటపడునను ఆశ ఒకటి. తెలుగు పల్లెలన్నిటను ఈ వాడుక ఉన్నది. భయమును మాటచేత చిన్నది చేయు ఉపాయమిది.

అదే ఊరి బడిపిల్లవాని సంచిలో సామాన్య విజ్ఞానపు పుస్తకము ఒకటి ఉండును. అందులో ఒక పట్టిక. పాములనిన భయము ఒఫిడియోఫోబియా, సాలెపురుగులనిన అరాక్నోఫోబియా, కుక్కలనిన సైనోఫోబియా, పిల్లులనిన ఐలురోఫోబియా, ఎలుకలనిన మ్యూసోఫోబియా. పిల్లవాడు ఎక్కములవలె దీనిని వల్లించును. పరీక్షలో ఒక మార్కు వచ్చును. ఆ మార్కుతోనే ఆ మాట బ్రతుకు తీరిపోవును. ఇంటిలో భయము పేరును దాచుచున్నారు. బడిలో భయము పేరును పెంచుచున్నారు. ఒకచోట పేరు లేదు, ఒకచోట పేరున్నను అర్థము లేదు. ఈ రెంటి నడుమ తెలుగు నిలువవలసిన చోటు ఏది యను ప్రశ్న భాష బోధించువారు ఆలోచింపదగినది.

ముందుగా ఆ పేర్లలో ఏమున్నదో చూడవలెను. వల్లించుటకు కష్టమైన ఈ మాటలు విడదీసి చూచినచో ఎంతో సరసమైనవి. అన్నిటి చివరను ఉన్న ఫోబియా, గ్రీకుభాషలోని ఫోబోస్ అను మాటనుండి వచ్చినది. ఈనాడు దానిని భయమని అర్థము చెప్పుచున్నారు. కాని హోమరు ఇలియడ్ కావ్యమున ఆ మాటకు ప్రధానార్థము పారిపోవుట. యుద్ధభూమిలో శత్రువు మీద పడగా వెన్నిచ్చి, తోవ తెలియక, ఒకరినొకరు తొక్కుకొనుచు పరుగెత్తు ఆ కలవరమే ఫోబోస్. 'ఫెబొమై' అను క్రియకు పారిపోవుచున్నానని అర్థము. యుద్ధదేవతయైన ఆరెస్ కొడుకులలో ఒకనికి ఫోబోస్ అని, ఇంకొకనికి దెయిమోస్ అని పేర్లు. 1877లో అమెరికా జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు ఆసఫ్ హాల్ అంగారకునికి రెండు ఉపగ్రహములు కనుగొనగా వానికి ఈ అన్నదమ్ముల పేర్లే పెట్టినారు. కావున ఫోబియా అనగా ఆలోచించి పడు భయము కాదు. ఆలోచనకు తావీయక కాళ్ళకు వచ్చు భయము.

ఇక ఆ మాటల మొదటి భాగములు. సంస్కృతము కొంత తెలిసిన తెలుగు విద్యార్థికి ఇవి పరాయి మాటలు కావు, దూరపు చుట్టములు. ప్రాకు ప్రాణుల భయమును హెర్పెటోఫోబియా అందురు. గ్రీకున హెర్పెటోన్ అనగా ప్రాకునది. సంస్కృతపు సకారమునకు మారుగా పదాదిని గ్రీకులో హకారము కనిపించుట పెక్కుచోట్ల ఉన్నది. సంస్కృతమున సప్త, గ్రీకున హెప్తా. అదే దారిని సంస్కృతమున సర్పము, గ్రీకున హెర్పెటోన్. లాటినులో సకారము నిలిచి సెర్పెన్స్. మూడింటికిని ప్రాకుట అను అర్థము గల ధాతువు ఒక్కటే. నాగులచవితినాడు సర్పమను తెలుగువాడు తెలియకయే గ్రీకుపదమునకు సోదరపదమును పలుకుచున్నాడు. పాము మాత్రము వేరు కుటుంబము. అది తమిళమున పాంబు, కన్నడమున హావు అను మాటల తోబుట్టువు.

కుక్క సంగతి ఇంతకన్న స్పష్టము. సైనోఫోబియాలోని మొదటి భాగము గ్రీకున కుఓన్, షష్ఠీవిభక్తిలో కునోస్. సంస్కృతమున శ్వా, షష్ఠిలో శునః. గ్రీకు దెక సంస్కృతమున దశ అయినట్లే, కునోస్ ఉన్నచోట శునః ఉన్నది. శునకము అను మాట అందరికిని తెలిసినదే. లాటినున కానిస్ కూడ ఆ కుటుంబపు మాటయే. ఆఫ్రికా పడమటి తీరమునకు దూరముగా ఉన్న ద్వీపములలో ఒకదానికి అచ్చటి పెద్ద కుక్కలనుబట్టి కనారియా అను పేరు వచ్చినదని ప్రాచీన రోమను రచయిత ప్లీనీ వ్రాసినాడు. ఆ దీవులనుండి వచ్చిన పసుపుపచ్చని పాటపిట్టకు కెనరీ అని పేరు. బ్రిటన్ బొగ్గుగనులలో విషవాయువు పొడచూపినచో ముందుగా సొమ్మసిల్లి మనుష్యులను హెచ్చరించుటకు 1986 వరకు ఈ పిట్టను పంజరమున దింపుచుండిరి. కుక్క పేరు మోసిన పిట్ట మనిషి ప్రాణమునకు కాపలా కాచినది. పదము తిరుగు త్రోవలు ఇట్టివి. బొగ్గుగనుల సీమలో చదువుకొను పిల్లలకు చెప్పినచో ఈ కథ మరపునకు రాదు.

ఎలుక కూడ అంతే. సంస్కృతమున మూషకము, గ్రీకున మూస్, లాటినున మూస్, ఇంగ్లీషున మౌస్. లాటినువారు కండరమును చిట్టెలుక అను అర్థము వచ్చునట్లు ముస్కులుస్ అనినారు. చర్మము క్రింద కండ కదలిక వారికి చిట్టెలుక పరుగువలె తోచినది. వ్యాయామశాలలో మజిల్స్ పెంచు యువకుడు, పదమునుబట్టి చూచినచో చిట్టెలుకలను పెంచుచున్నాడు.

సాలెపురుగు మాటలో అచ్చమైన బంధుత్వము లేదు. అంతకన్న విచిత్రమైన పోలిక ఉన్నది. గ్రీకున అరాక్నే అనగా సాలెపురుగు. రోమను కవి ఓవిడ్ తన రూపాంతరముల కావ్యము ఆరవ సర్గమున ఆ పేరు గల ఒక యువతి కథ చెప్పినాడు. ఆమె లిడియా దేశపు నేతగత్తె. నేతలో దేవతతోనే పోటీపడినది. దేవత ఆగ్రహమునకు పాత్రయై సాలెపురుగుగా మారినది. తెలుగున సాలె అనగా నేతపనివారు. సాలెపురుగు అనగా నేత నేయు పురుగు. సంస్కృతపు ఊర్ణవాభి అను పేరులోను నేతయే ఉన్నది. ఇంగ్లీషు స్పైడర్ దారము వడకుట అను అర్థము గల మాటనుండి వచ్చినది. ఎవరిని చూచి ఎవరు నేర్చుకొనకయే ఇందరు జనులు ఆ ప్రాణిలో భయమును గాక పనితనమును చూచి పేరు పెట్టినారు. తెలుగునాట దానికి భక్తికూడ అబ్బినది. శ్రీకాళహస్తి అను క్షేత్రనామమున శ్రీ అనగా సాలీడు, కాళము అనగా పాము, హస్తి అనగా ఏనుగు అని, ఈ మూడును శివుని కొలిచి ముక్తి పొందినవని స్థలపురాణము. ధూర్జటి దానిని ప్రబంధముగా చెప్పినాడు. ఇంగ్లీషు పట్టికలో భయహేతువులైన ప్రాణులు ఇచ్చట భక్తాగ్రేసరములు.

ఇంత అందమున్నప్పుడు ఈ మాటలతో తగవెందులకు? తగవు మాటలతో కాదు, వానిని వాడు తీరుతో. దానికి ఆ పేర్ల పుట్టుక తెలియవలెను.

ఫోబియా చేరిన మాటలలో మిక్కిలి పాతది నీటికి సంబంధించినది. పిచ్చికుక్క కాటు తిన్న రోగికి నీరు మ్రింగబోగా గొంతు పట్టుకొనిపోవును. పిమ్మట నీరు చూచినను వణకును. ఈ వ్యాధిని గ్రీకులు నీటిభయమను పేరుతో పిలుతురని క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో రోమను రచయిత సెల్సస్ వ్రాసినాడు. అదియే హైడ్రోఫోబియా. సుశ్రుతసంహిత కల్పస్థానమున ఇదే లక్షణమునకు జలత్రాసము అని పేరు. జలము జలమే, త్రాసము ఫోబోసే. ఒక దేశపు వైద్యుడు చూచినదే ఇంకొక దేశపు వైద్యుడు చూచినాడు. ఎవని భాషలో వాడు, ఎవని రోగికి వాడు, తెలియునట్లు పేరు పెట్టినాడు. గ్రీకువానికి హైడ్రోఫోబియా గంభీరమైన శాస్త్రపదము కాదు. నీళ్ళభయము అను ఇంటిమాట. దానిని గంభీరము చేసినది దూరము మాత్రమే.

రోమనులు ఈ రహస్యము గ్రహించినారు. తునకలు తునకలుగా కోసినట్లుండు శరీరము గల చిన్న ప్రాణులను అరిస్టాటిల్ ఎంటొమ అనినాడు. లాటిను పండితులు ఆ మాటను అట్లే మోయక, అదే భావము వచ్చునట్లు తమ భాషలో ఇన్‌సెక్టుమ్ అని చేసికొనినారు. దానికిని కోయబడినది అనియే అర్థము. ఈనాటి ఇంగ్లీషు ఇన్‌సెక్ట్ ఆ అనువాదపు ఫలము. గ్రీకును నెత్తిన పెట్టుకొనిన రోమనులే అనువాదమును చిన్నతనముగా భావింపలేదు.

జంతుభయముల పేర్లలో అధికభాగము గ్రీకులు ఎరుగనే ఎరుగరు. అమెరికా స్వాతంత్ర్యప్రకటనపై 1776లో సంతకము చేసినవారిలో ఒకడైన వైద్యుడు బెంజమిన్ రష్, ఆ శతాబ్ది చివరి పాదమున ఫోబియాలపై ఒక చమత్కార వ్యాసము వ్రాసినాడు. అందులో పిల్లిభయము, ఎలుకభయము అనునవి ముందుగా ఉన్నవి. ఆయన వానికి గ్రీకు పేర్లు వెదకలేదు. పిల్లికిని ఎలుకకును ఇంగ్లీషు మాటలే ఉంచి ఫోబియా చేర్చినాడు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఐరోపా వైద్యులు పూర్తిగా ప్రాచీనభాషల వైపు మొగ్గినారు. 1871లో జర్మను వైద్యుడు వెస్ట్‌ఫాల్ బహిరంగస్థలముల భయమును అగొరఫోబియా అనినాడు. 1879లో పారిసున బెంజమిన్ బాల్ మూసిన చోట్ల భయమును క్లాస్ట్రోఫోబియా అనినాడు. అటుపిమ్మట త్రోవ తెరువబడినది. 1914లో అమెరికా మనోవిజ్ఞాని స్టాన్లీ హాల్ భయములపై వ్రాసిన వ్యాసమున ఇట్టి పేర్లు నూటికి పైగా ఉన్నవి. తరువాత పట్టికలు కట్టువారికి రోగితో పనిలేకపోయినది. నిఘంటువు ఒకటి చాలినది. పిల్లిభయము ఒకటే, పేర్లు మూడు: ఐలురోఫోబియా, ఫెలినోఫోబియా, గాటోఫోబియా. కప్పభయమునకు లాటిను కప్పతో ఒక పేరు, గ్రీకు కప్పతో ఇంకొక పేరు.

ఇందులో పండితులు నవ్వుకొనదగిన విశేషము ఒకటి ఉన్నది. క్లాస్ట్రోఫోబియాలో మొదటి సగము లాటిను, రెండవ సగము గ్రీకు. తేనెటీగల భయమునకు ఏపిఫోబియా అను పేరు కూడ అంతే. తెలుగున సంస్కృతసమాసము నడుమ తెలుగు మాట చొచ్చినచో వైరిసమాసమని పండితులు ముఖము చిట్లింతురు. కుక్కభీతి అని విద్యార్థి వ్రాసినచో ఎర్రసిరా గీత పడును. ఏపిఫోబియా అని వ్రాసినచో మాత్రము పూర్తి మార్కు! పరభాషలోని వైరిసమాసము విజ్ఞానమగుట, స్వభాషలోని మిశ్రసమాసము తప్పగుట ఎట్టి న్యాయమో తెలియదు.

గ్రీకు పేర్లను సమర్థించువారి వాదము తీసివేయదగినది కాదు. శాస్త్రమునకు దేశభేదము లేదు, పేరు ఒకటైనచో తోక్యోలోని వైద్యుడు చెప్పినది హైదరాబాదులోని వైద్యునికి తెలియునని వారందురు. ఇంకొక మాట దీనికన్న బలమైనది. బల్లిని చూచి వణకు యువకుడు తనవంటి పిరికివాడు లోకమున లేడని కుమిలిపోవుచుండును. ఈ బాధకు పేరున్నది, అనగా ఇది ఇతరులకును ఉన్నది, వైద్యమున్నది అని తెలిసిన క్షణమున అతని సిగ్గు సగము తగ్గును. పేరునకు ఆ శక్తి ఉన్నది. కాదనరాదు.

అయినను మొదటి వాదమును వైద్యులే బలహీనపరచినారు. అమెరికా మనోవైద్యుల సంఘము 1994లో ప్రకటించిన వర్గీకరణ మొదలుకొని పాము, కుక్క, పిల్లి, సాలెపురుగు భయములన్నియు నిర్దిష్టభీతి అను ఒక్క శీర్షిక క్రింద, జంతువులు అను ఒక్క విభాగమున చేరినవి. ఏ జంతువన్నది ప్రక్కన మామూలు మాటలతో వ్రాసికొందురు. 2013 నాటి కూర్పులోను ఇదే పద్ధతి. అసలు అపాయమునకు మించిన భయము ఆరు మాసములో అంతకు మించియో నిలిచి, చదువును, పనిని, బ్రతుకును అడ్డగించినప్పుడే దానిని రోగముగా లెక్కింపవలెనని అందులో ఉన్నది. వైద్యుడు విడిచిన పేర్లను బడిపిల్లవాడు వల్లించుచున్నాడు.

రెండవ వాదమునకు సమాధానము దానిలోనే ఉన్నది. పేరు ఓదార్చవలెనన్నచో ఆ పేరు అర్థము కావలెను. అర్థముకాని పేరు ఓదార్పు కాదు, ముద్ర. తరగతిలో నలుగురి ఎదుట "వీనికి సైనోఫోబియా" అనినచో ఆ పిల్లవానికి కుక్కభయముతోపాటు ఆ మాటభయము కూడ పట్టుకొనును. తోటివారికి వెక్కిరించుటకు కొత్తమాట దొరకును.

పేరు పెట్టుట తెలిసికొనుట కాదనుటకు మనోవిజ్ఞాన చరిత్రయే సాక్షి. 1920లో అమెరికాలో వాట్సన్, రేనర్ అనువారు ఏడాది నిండని శిశువుపై ఒక ప్రయోగము చేసినారు. తెల్లని ఎలుకను ఆ బిడ్డ మొదట భయములేక తాకెడివాడు. ఎలుక కనబడినప్పుడెల్ల వెనుకనుండి ఇనుపకమ్మిపై సుత్తితో కొట్టి పెద్దచప్పుడు చేయగా కొలది దినములలో ఎలుకను చూచినంతనే ఏడ్వసాగినాడు. కుందేలు, కుక్క, బొచ్చుకోటు కూడ అతనికి భయహేతువులైనవి. ఆ భయము పోగొట్టక మునుపే బిడ్డను తీసికొనిపోయినారు. ఆ ప్రయోగము నేటి ధర్మమునకు నిలువదు. కాని భయము కొంత నేర్వబడునదని దానివలన తెలిసినది. నాలుగేండ్లకు, 1924లో, మేరీ కవర్ జోన్స్ అను విదుషి రెండవ సగమును పూరించినది. పీటరను పసివాడు కుందేలును చూచినచో బెదరెడివాడు. అతడు ఇష్టమైన తిండి తినుచుండగా పంజరములోని కుందేలును గది చివర ఉంచినారు. దినదినమును కొంచెము దగ్గరకు జరిపినారు. బెదురులేని పిల్లలను ప్రక్కన ఆడుకొననిచ్చినారు. చివరకు పీటరు కుందేలును ఒడిలో పెట్టుకొని నిమిరినాడు. ఆ బిడ్డను కాపాడినది కుందేటిభయమునకు గ్రీకున ఏమందురో తెలియుట కాదు. ఓర్పు, చనువు, తోటిపిల్లల తోడు కాపాడినవి. ఈ మూడును ఏ బడిలోనైనను ఉపాధ్యాయునికి అందుబాటులో ఉన్నవే.

కాసిపేట వంటి చోట ఈ విచారమునకు ఇంకొక ముఖమున్నది. మంచిర్యాల జిల్లాలోని ఈ మండలమున ఒకవంక సింగరేణి బొగ్గుగనులు, ఒకవంక దేవాపురపు సిమెంటు కర్మాగారము, చుట్టును అడవి, గోండుల, కొలాముల గూడెములు. పట్టికలోని భయములు ఇచ్చట వింతలు కావు. భారతదేశమున 2000 నుండి 2019 వరకు పాముకాటుచేత సుమారు 12 లక్షలమంది, అనగా ఏటికి సగటున 58,000 మంది, మరణించి యుందురని పరిశోధకులు లెక్కకట్టినారు. ఆ మరణములలో సగము జూను మొదలు సెప్టెంబరు వరకు గల వానదినములలోనివి. తెలంగాణతో కలిసిన నాటి ఆంధ్రప్రదేశము ఆ బాధ హెచ్చుగా నున్న రాష్ట్రములలో ఒకటి. ఉమ్మడి ఆదిలాబాదు సీమలోనే 2020 నవంబరులో దహెగాం మండలము దిగిడ గ్రామమున ఒక యువకుడు, 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలమున పత్తిచేనిలో పనిచేయుచున్న ఒక యువతి పెద్దపులి వాతబడినారు. ఇట్టి చోట చీకటిలో దీపము లేక గట్టున నడవనను పిల్లవానికి ఉన్నది ఫోబియా కాదు, బుద్ధి. నగరములో అచ్చయిన పట్టిక ఆ రెంటికిని ఒకే పేరు అంటగట్టును. మెలకువ గల భయమును రోగమనుట ఎంత తప్పో, రోగమైన భయమును పిరికితనమని తిట్టుట అంతే తప్పు. ఈ విభజన చెప్పుటకు గ్రీకు అక్కరలేదు, తెలుగు చాలును.

ఈ సీమవారు పాముభయమును ఇంకొక త్రోవను కూడ దిద్దుకొనినారు. పుష్యమాసపు అమావాస్యనాడు ఇంద్రవెల్లి మండలము కేస్లాపూరున నాగోబా జాతర. మెస్రం వంశీయులైన గోండులు జన్నారం మండలమునందలి హస్తినమడుగు వరకు కాలినడకన వచ్చి గోదావరి జలము కొనిపోయి నాగదేవతను అభిషేకింతురు. శ్రావణ పంచమినాడు తెలంగాణమున, కార్తిక చవితినాడు కోస్తాలో పుట్టకు పాలు పోయుట అందరెరిగినదే. భయపెట్టు ప్రాణిని ఏటికొకమారు తానై ఎదురేగి కొలుచువాడు ఆ భయముతో ఒక ఒడంబడికకు వచ్చినవాడు. ఇది వైద్యమని చెప్పరాదు. కాటునకు మందు ఆసుపత్రిలోనే ఉన్నది. కాని భయముతో సహజీవనము చేయుటకు ఒక జాతి చేసికొనిన సంస్కారమిది. దీనికి పట్టికలో పేరు లేదు.

తెలుగున ఈ భావమునకు మాటలు కొరవడినవా? భయము, భీతి, త్రాసము సంస్కృతపు సొత్తు. తెలుగు సొత్తు ఇంతకు పదిరెట్లు. ముందడుగు వేయనీయనిది జంకు. రాబోవు కీడు తలచి లోన తొలుచునది గుబులు. పసివారు నిద్రలో ఉలికిపడి జ్వరము తెచ్చుకొనునది జడుపు. బొద్దింకను, బల్లిని చూచి ఒళ్ళు ముడుచుకొనునది కంపరము. తెలంగాణమున ఇంటింట వినబడునది బుగులు. సాలెపురుగులు, పురుగుల విషయమున భయముతోపాటు ఏవగింపు కూడ పనిచేయునని మనోవిజ్ఞానులు గుర్తించినారు. ఫోబియా అను ఒక్క మాట ఈ రెంటిని కలిపివేయును. తెలుగు బుగులును వేరుగను కంపరమును వేరుగను ఎరుగును. ఉపాధ్యాయుడు పిల్లవానిని "నీకు బుగులా, కంపరమా?" అని అడిగినచో సగము రోగనిర్ణయము అయినట్లే.

అన్నిటికన్న విశేషమైనది బెదురు. బండి కట్టిన ఎడ్లు ఎదుట ఏదో చూచి, మోకు లాగినను ఆగక, చేలమీద పడి పరుగెత్తినచో రైతు ఎడ్లు బెదరినవనును. భయపడినవని అనడు. కారణము చిన్నది, పరుగు పెద్దది. ఆలోచన లేదు, ఆపుట లేదు. హోమరు చెప్పిన ఫోబోస్ ఇదియే గదా! భీతి అను మాటలో మనిషి నిలిచియే వణకవచ్చును, బెదురులో నిలువడు. గ్రీకు మాట హృదయమునకు సంస్కృతముకన్న తెలుగే చేరువగా వచ్చినది. కుక్కబెదురు, పాముబెదురు, పిల్లిబెదురు అనినచో నాలుగవ తరగతి బాలునికిని తెలియును, శాస్త్రమునకును లోటు రాదు.

భాష ఇట్టి పని చేయగలదనుటకు సాక్ష్యము ఈ బొగ్గుసీమయే. ఖని అను సంస్కృతపదము గోదావరిఖని పేరులో తత్సమముగా నిలిచినది. అదియే తద్భవమై గని అయినది. లోనికి దిగి బొగ్గు త్రవ్వినవారు మాత్రము తమ ఊరి నీళ్ళబావిని తలచి బొగ్గుబాయి అనినారు. ఏ సంఘమును కూర్చుండి నిర్ణయింపలేదు, ఏ పట్టికయు కట్టలేదు. మూడు మాటలును బ్రతికి యున్నవి; ఒకదానినొకటి చంపుకొనలేదు. నిజాము కాలమున 1917లో హైదరాబాదున అనువాదశాఖను నెలకొల్పి, మరుసటి ఏట వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకై అరబీ ఫారసీ ధాతువులనుండి ఉర్దూ శాస్త్రపదములను వందలకొలది కల్పించినారు. దేశభాషలో ఉన్నతశాస్త్రము చెప్పవచ్చునని అది చూపినది. ఊరివాని నోటిమాటకు దూరమైన పదము ఆశ్రయము తొలగినంతనే వాడుక తప్పునని కూడ అది చూపినది. సంస్కృతముతో కట్టిన తెలుగు పారిభాషికపదములకును ఆ హెచ్చరిక వర్తించును.

కావున చేయదగినది కష్టమైనది కాదు. వైద్యగ్రంథమున ఫోబియా ఉండవచ్చును. పాఠ్యగ్రంథమున భీతి ఉండవచ్చును. ఆ రెంటిని బహిష్కరింపవలెనను పట్టుదల అక్కరలేదు. కాని పిల్లవాని బాధను గూర్చి పిల్లవానితో మాటాడునప్పుడు మాట తెలుగుదై ఉండవలెను. పట్టికను కంఠస్థము చేయించుట మాని, వారమునకొక మాట విప్పి చూపవలెను: ఒకనాడు సర్పము, హెర్పెటోన్, ఒకనాడు శునకము, కెనరీపిట్ట, ఒకనాడు సాలెపురుగు, అరాక్నే. అట్లు నేర్చిన పది మాటలు వల్లించిన నూరుమాటలకన్న మేలు. వానితో పిల్లవానికి భాషల చుట్టరికము తెలియును. పిల్లల ఇండ్లలో వినబడు గోండి, కొలామి భాషలును ద్రావిడ కుటుంబములోనివే. ఆయా ప్రాణులను ఆ భాషలలో ఏమందురో ఆ పిల్లలనే అడిగి నల్లబల్లపై వ్రాయించినచో గ్రీకుతో పాటు పక్కఇంటివారి మాటయు గౌరవము పొందును.

సందెవేళ "పురుగుంటది" అను పెద్దవారి మాటను తప్పుపట్టనక్కరలేదు. అది చీకటిలో చెప్పు జాగ్రత్త. మరునాటి ఉదయము బడిలో వెలుగున్నప్పుడు ఆ పురుగు పేరు పాము అని, ఇది నాగుపాము, ఇది కట్లపాము, ఇది రక్తపింజరి, ఇది విషములేని జెర్రిపోతు అని, కాటు పడినచో మంత్రగాని వద్దకు గాక తిన్నగా ఆసుపత్రికి పోవలెనని చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడు. పేరు దాచినందున పెరిగిన భయమును పేరు చెప్పి తగ్గింపవలెను. ఆ పేరు ముందు తెలుగున చెప్పవలెను. అది తెలిసిన పిమ్మట ఒఫిడియోఫోబియా అను మాట కూడ నేర్పవచ్చును. అప్పుడు ఆ పిల్లవాడు దానిని చూచి బెదరడు.